రోహిణి కార్తెలో సైకిలు షికారు: పులిగడ్డ నుంచి పాలకాయతిప్ప దాకా

ఏటి ఒడ్డున తీరిగ్గా సైకిలు తొక్కుకుంటూ పోవాలన్న కోరిక ఈ మధ్య మనవాళ్ళలో బాగా పెరిగింది. అమెరికాలో ఉన్న మేనల్లుడు ఆగస్టు నెలాఖరులో ఏదో నది పక్కన, చెట్ల నీడలో సైకిలు మీద నవ్వుతూ ఫొటో పెడతాడు. కింద ‘వేసవి చివరి రోజులు’ అని రాస్తాడు. అది చూసిన బెజవాడ మావయ్యకు మనసు ఆగదు. మనకు మాత్రం నది లేదా, సైకిలు లేదా, వేసవికి చివరి రోజులు లేవా? అన్నీ ఉన్నాయి. పైగా మన వేసవికి చివర చాలా గట్టిగా ఉంటుంది.

ఆ చివరకే రోహిణి కార్తె అని పేరు. మే 25 ప్రాంతంలో మొదలై, జూన్ 8 ప్రాంతంలో మృగశిర వచ్చేదాకా ఉంటుంది. రోహిణిలో రోళ్ళు పగులుతాయని పెద్దలు అన్నారు గానీ సైకిళ్ళు పగులుతాయని ఎక్కడా అనలేదు. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక సైకిలు ఎవరైనా తొక్కుతారు, అందులో గొప్పేముంది? ఆ లోపే బయలుదేరాలి. ఏ రోజన్న సందేహం వస్తే పంచాంగం అక్కర్లేదు, వాతావరణ శాఖ చాలు. మైదానంలో 40 డిగ్రీలు, సముద్రతీరంలో 37 డిగ్రీలు చేరాకగానీ వాళ్ళు వడగాడ్పుల లెక్క మొదలుపెట్టరు. ఆ ప్రకటన వచ్చిన రోజే మీకు సుముహూర్తం. 2015 మే నెలలో వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారని ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. అప్పుడు పోయినవాళ్ళలో ఎక్కువమంది కూలికి వెళ్ళక తప్పనివాళ్ళు, ముసలివాళ్ళు. మనం వెళ్తున్నది సరదాకి. ఎండకు ఆ తేడా తెలుస్తుందని నమ్మండి.

ఇక దారి. బెజవాడ దాటిన కృష్ణ తోట్లవల్లూరు, శ్రీకాకుళం, మోపిదేవి పక్కలనుంచి దిగి పులిగడ్డ దగ్గర రెండుగా చీలుతుంది. పెద్ద పాయ నాగాయలంక వైపు, చిన్న పాయ హంసలదీవి వైపు పోతాయి. రెండు పాయలకూ సముద్రానికీ మధ్య చిక్కిన నేలే దివిసీమ. పులిగడ్డలో మొదలుపెట్టి అవనిగడ్డ, కోడూరు, ఉల్లిపాలెం వైపుగా చిన్న పాయ వెంట దిగితే హంసలదీవి, దాని పక్కనే పాలకాయతిప్ప, ఆ తర్వాత బంగాళాఖాతం. ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. ఫోనులో పటం చూస్తే వేలెడంత ఉంటుంది. ఆ వేలినే నమ్ముకోండి.

మరీ ఉత్సాహం ఉన్నవాళ్ళు బెజవాడలోనే సైకిలెక్కి కరకట్ట మీదుగా రావచ్చు. అప్పుడు ఘంటసాల మండలంలోని శ్రీకాకుళం కూడా తగులుతుంది. శ్రీకృష్ణదేవరాయలు కళింగం మీదికి దండెత్తి వెళ్తూ అక్కడ విడిది చేశాడనీ, ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్నాడనీ చెబుతారు. రాయలవారు ఏనుగులతో, గుర్రాలతో, వంటవాళ్ళతో వచ్చారు కాబట్టి నిద్రపట్టి కల వచ్చింది. రోహిణి కార్తెలో సైకిలు మీద అక్కడిదాకా వచ్చినవాళ్ళకు నిద్ర అవసరం లేకుండానే దేవుళ్ళు కనిపిస్తారు.

బయలుదేరే వేళ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. దివిసీమలో సైకిలు తొక్కేవాళ్ళంతా తెల్లవారుజామున తొక్కుతారు. పాలు పోసేవాళ్ళు, చేపల బుట్ట క్యారియర్‌కు కట్టుకుని ఊరూరూ తిరిగేవాళ్ళు, చెరువుల మీద కాపలా కాసి ఇంటికి పోయేవాళ్ళు, అందరూ ఎండ చురుక్కుమనే లోపే పని ముగించుకుని వసారాల్లోకి చేరతారు. వాళ్ళను చూసి మీరు మోసపోవద్దు. వాళ్ళకు అలవాటైపోయి విసుగు పుట్టింది. మీరు అవనిగడ్డలో నిదానంగా లేచి, వేడివేడి పెసరట్టు ఉప్మా తిని, రెండు కాఫీలు తాగి, పదకొండు దాటాక పులిగడ్డకు వచ్చి హ్యాండిలు పట్టుకోండి.

పదకొండే ఎందుకంటే గాలి వల్ల. ఈ రోజుల్లో పొద్దున పూట పడమటి గాలి వీస్తుంది. అది పొడిగాలి, వేడిగాలి. మధ్యాహ్నం అయ్యేసరికి నేల బాగా కాగి, సముద్రం మీద నుంచి గాలి మళ్ళుతుంది. మీరు వెళ్ళేది సముద్రం వైపు. అంటే పడమటి గాలి సెగ ఒంటికి తగిలాక, సముద్రపు గాలి మొహానికి ఎదురు తగులుతుంది. రెండూ అనుభవించాలంటే పదకొండుకు మించిన వేళ లేదు. ఇదే గాలి సాయంత్రం తిరిగొచ్చేవాడి వీపును తోస్తుందని తెలిసినవాళ్ళు చెబుతారు. అయితే అది సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్ళ సంగతి.

సైకిలు విషయంలో పిసినారితనం వద్దు. సన్నటి టైర్లు, ఇరవై ఒక్క గేర్లు, మడ్‌గార్డు లేనిది, స్టాండు లేనిది, క్యారియర్ అసలే లేనిది కొనండి. కరకట్ట పొడవునా సర్కారు తుమ్మ పెరుగుతుంది. దాని ముల్లు అంగుళం పైన ఉంటుంది, ఎండకు ఎండి ఇనపమేకులా మట్టిలో నిలబడి ఉంటుంది. సన్నటి టైరుకు ఆ ముల్లు దొరకడానికి పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. గాలిపంపు, అదనపు ట్యూబు, పంక్చరు అంటించే సామాను మోస్తే సైకిలు బరువెక్కి అందం పోతుంది. పంక్చరు షాపు కోడూరులో ఉంటుంది. మీకు పంక్చరు పడేది కోడూరుకు ముందో వెనకో, కచ్చితంగా నడవాల్సిన దూరంలో పడుతుంది.

నడుస్తున్న మిమ్మల్ని నల్లటి పాత హీరో సైకిలు మీద ఒక పెద్దాయన దాటిపోతాడు. క్యారియర్ మీద ఆయనకంటే ఎత్తున గడ్డిమోపు ఉంటుంది. గేర్లుండవు, బ్రేకుల్లో ఒకటి పనిచేస్తుంది, బెల్లు పనిచేయదు. అయినా ఆయన ముందుకు పోతూనే ఉంటాడు. దిగి, ‘ఏంటి బాబూ, గాలి పోయిందా?’ అని అడుగుతాడు కూడా. లేదని చెప్పండి. నడక మంచిదని డాక్టరు చెప్పాడనండి.

బట్టలు నల్లవి వేసుకోండి, ఒంటికి బాగా అతుక్కునేవి. టోపీ, తలగుడ్డ వద్దు, జుట్టు చెదురుతుంది. నలుపు ఇష్టం లేనివాళ్ళు పసుపు చొక్కా వేసుకోవచ్చు గానీ, దానికి ఫలితం అనుభవించాలి. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు ఇదే జిల్లా. ఆయన పుట్టినరోజు మే 28 రోహిణి కార్తెలోనే వస్తుంది, పార్టీ మహానాడు కూడా ఆ రోజుల్లోనే జరుపుతారు. పార్టీ గుర్తు ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ఆ వారంలో పసుపు చొక్కాతో సైకిలు మీద ఊళ్ళోకి వచ్చినవాణ్ణి షికారుకు వచ్చాడని ఎవరూ అనుకోరు. ఒక వీధిలో మజ్జిగ ఇస్తారు, పక్క వీధిలో మొహం తిప్పుకుంటారు. రెండు చోట్లా పింఛను గురించి అడుగుతారు.

ఇప్పుడు నీళ్ళు. ఇది అసలైన విషయం, కాస్త నిదానంగా చదవండి.

నది పక్కనే వెళ్తున్నాం కదా, నీళ్ళు మోసుకుపోవడం దేనికి? ఈ తర్కం ఎంత బలమైనదంటే, దివిసీమలో పుట్టినవాళ్ళు తప్ప దీన్ని ఎవరూ కాదనలేరు. వాళ్ళు కాదనడానికి కారణం పాతది. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట లేచింది. కాటన్ దొర పథకం, కెప్టెన్ ఆర్ పనితనం. దాని స్థానంలో 1957లో ప్రకాశం బరాజు వచ్చింది. ఆనాటి నుంచీ కృష్ణ నీరు నదిలో కాదు, కాలువల్లో నడుస్తుంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, కె.ఇ.బి. కాలువ, అవతలి ఒడ్డున గుంటూరు వైపు కాలువలు, అన్నీ అక్కడినుంచే నీళ్ళు తీసుకుంటాయి. డెల్టా పండిందీ, బందరు నుంచి గుడివాడ దాకా ఊళ్ళకు అన్నం దొరికిందీ ఆ పుణ్యమే. కానీ ఎండాకాలంలో బరాజు గేట్ల కింద మిగిలేది ఇసుక. ఆ ఇసుక మీద ట్రాక్టర్లు తిరుగుతాయి. తోట్లవల్లూరు దగ్గర కట్టెక్కి చూస్తే నది అంచు ఎక్కడో, పొలం అంచు ఎక్కడో తెలియకుండా తెల్లగా మెరుస్తుంటుంది. ఫొటోలో అదీ బాగానే వస్తుంది, ఎడారి అని రాసుకోవచ్చు.

కిందికి వచ్చేకొద్దీ నదిలో నీళ్ళు కనిపిస్తాయి. పులిగడ్డ దాటి దిగువకు పోతే రెండు గట్లూ ఒరుసుకుంటూ నిండుగా, నీలంగా, గాలికి అలలు లేస్తూ ఉంటుంది. ‘కృష్ణమ్మ ఎండాకాలంలో కూడా ఎంత నిండుగా ఉందో’ అని మీకు కళ్ళు చెమరుస్తాయి. ఆపుకోండి, ఒంట్లో ఉప్పు పోతుంది. ఆ నీళ్ళు కృష్ణవి కావు, సముద్రానివి. పైనుంచి తోసే ప్రవాహం లేక, పోటు వచ్చినప్పుడల్లా సముద్రం నదిలోకి ఎగదన్నుతుంది. మనిషి తాగలేడు, గొడ్డు తాగదు, వరి బతకదు. చాలాచోట్ల బోరు వేసినా ఉప్పే పడుతుంది. పొలాలు కాస్తా రొయ్యల చెరువులవడం వెనక డబ్బాశ ఉందని అందరం అంటాం. కింద నీళ్ళు ఉప్పగా మారాక వరి పండించి చూపించమంటే మాత్రం ఎవరం మాట్లాడం.

కె.ఇ.బి. కాలువ పులిగడ్డ దగ్గర అక్విడక్టు మీదుగా నదిని దాటి దివిసీమలోకి దిగుతుంది. కింద నదిలో ఉప్పునీళ్ళు, పైన కాలువలో మంచినీళ్ళు, వాటితో పాటే మనుషులూ బళ్ళూ. దివిసీమ కథంతా ఆ ఒక్క వంతెన మీద నిలబడి చూడొచ్చు. అయితే మీరొచ్చిన వేళకు కాలువ కట్టేసి ఉంటుంది. కట్టేసే ముందే ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు. మళ్ళీ కాలువ వదిలేదాకా ఆ చెరువే ఊరికి ప్రాణం. కోడూరు కింద ఊళ్ళలో ఎండాకాలం చివరికొచ్చేసరికి అడుగున పచ్చగా మారిన ఆ నీళ్ళనే పొదుపుగా వాడుకుంటారు. తాగడానికి టిన్నులు కొనుక్కుంటారు. అలాంటి ఊళ్ళో ఆగి, ఖాళీ సీసా ఊపుతూ, ‘నది పక్కన ఉండి నీళ్ళు కొనుక్కుంటారా?’ అని ఆశ్చర్యపోవడం మరిచిపోకండి. వాళ్ళు ఏమీ అనరు. ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి ఇస్తారు. దివిసీమ మర్యాద అది. ఆ చెంబు ఏ టిన్నులోంచి వచ్చిందో, ఆ టిన్ను ఎవరు మోసుకొచ్చారో అడగొద్దు.

దాహాన్ని త్వరగా రప్పించాలంటే దారిలో ఎండుచేపల వేపుడు తినండి. ఎండు నెత్తళ్ళో సావిడాయలో, కారం దట్టించినవి. మజ్జిగ, కొబ్బరి బోండాం లాంటివి ముసలివాళ్ళకు. తాటిముంజలు దొరుకుతాయి, అవీ వద్దు. లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకుని తాగమని ఆరోగ్య కార్యకర్తలు ఊరూరా చెబుతుంటారు. అంత చవకైన మందును నమ్మడం మన అంతస్తుకు తగదు. కాసేపటికి తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది. ఆ తర్వాత ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతుంది, కొందరికి చెమట కూడా ఆగిపోతుంది. దాన్ని వడదెబ్బ అంటారనీ, అప్పుడు మనిషిని వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, ఆలస్యం లేకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలనీ డాక్టర్లు చెబుతారు. మన శాస్త్రం ప్రకారం అది ఒంటికి ఎండ అలవాటు పడుతున్న గుర్తు. అందుకే ఒంటరిగా వెళ్ళమంటున్నాను. పక్కన ఇంకొకరు ఉంటే ఆ అలవాటు పడనివ్వరు, 108కి ఫోన్ చేసేస్తారు.

‘నిండుగా పారే నదే కావాలి, ఉప్పుకయ్య కాదు’ అని పట్టుబట్టే రసికులుంటే, వాళ్ళు వరదలప్పుడు రావచ్చు. 2009 అక్టోబరులో వచ్చింది, 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చింది. రెండుసార్లూ ప్రకాశం బరాజు దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు కరకట్ట మీద చోటు కొంచెం ఇరుకు. ఊళ్ళోవాళ్ళంతా రాత్రిళ్ళు లాంతర్లు, టార్చిలైట్లు పట్టుకుని కట్ట మీదే ఉంటారు. ఎక్కడ నీరు ఊరుతుందో, ఎక్కడ బొరియ పడిందో చూసి ఇసుక బస్తాలు వేస్తుంటారు. కట్ట అంటే వాళ్ళకు షికారు దారి కాదు, నదికీ ఇంటికీ మధ్య ఉన్న ఒకే ఒక్క గోడ. వాళ్ళ మధ్యలోంచి బెల్లు కొట్టుకుంటూ వెళ్ళి, ‘కాస్త జరుగుతారా, వీడియో తీసుకుంటున్నా’ అనండి. ఇసుక బస్తాలు ఎత్తడానికి ఇంకో మనిషి దొరికాడని వాళ్ళు సంతోషిస్తారు.

దారిలో మనుషులు పలకరిస్తారు. ‘ఏ ఊరండీ మనది?’ అన్నది మొదటి ప్రశ్న. ‘ఎవరి తాలూకు?’ అన్నది రెండోది. మూడో ప్రశ్నకు మీ మేనత్త తోడికోడలు చల్లపల్లిలో ఉందని తేలిపోతుంది. నాలుగో మాటకు భోజనానికి రమ్మంటారు. తీరిక అంటే ఈ దేశంలో అదే. కానీ మీరు వచ్చింది తీరిగ్గా సైకిలు తొక్కడానికి, కబుర్లకు కాదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. వెనక ఇసుక ట్రాక్టరు హారను కొడుతున్నా వినపడదు. అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్‌కు ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చిన పిల్లలు రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర పుస్తకాలు పట్టుకుని కనిపిస్తారు. వాళ్ళను అడిగితే డెల్టా నీటిపారుదల గురించి, తుఫాన్ల సంవత్సరాల గురించి గడగడా చెబుతారు. అడక్కండి, తెలిసిపోతుంది.

వాతావరణ హెచ్చరికల గురించి కూడా ఒక తప్పుడు సలహా రాద్దామని కూర్చున్నాను. చేతకాలేదు. వేసవిలో తుఫాను రాదనుకునేవాళ్ళకు 1990 మే 9 ఉంది. ఆ తుఫాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటి వందలమందిని తీసుకుపోయింది. దానికి ముందు 1977 నవంబరు 19 ఉంది. ఆ రాత్రి లేచిన ఉప్పెన దివిసీమ మీద పడి, లెక్కకు అందినవాళ్ళే వేలల్లో పోయారు. పాలకాయతిప్ప, హంసలదీవి, సొర్లగొంది పేర్లు పేపర్లకు తెలిసింది అలా. ఈ ఊళ్ళలో పెద్దవాళ్ళు వయసు చెప్పేటప్పుడు ఇప్పటికీ ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అని చెబుతారు. ఫోను మోగి సముద్రం వైపు వెళ్ళొద్దని చెబితే వెళ్ళకండి. ఈ వ్యాసంలో ఉన్నదున్నట్టు పాటించాల్సిన వాక్యం ఇదొక్కటే.

మళ్ళీ మన పనిలోకి వద్దాం. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి ఉంది. దేవతలు ఒక్క రాత్రిలో గుడి కట్టడం మొదలుపెట్టి, కోడి కూసేసరికి గోపురం సగంలో వదిలి వెళ్ళిపోయారని స్థలపురాణం. దేవతలంతటివాళ్ళు కూడా ఈ ప్రాంతంలో పని రాత్రిపూట పెట్టుకుని పొద్దు పొడిచేలోపు ఆపేశారన్నమాట. వాళ్ళకు మన వ్యాసం అందలేదు. మీరు గుడికి చేరేది మధ్యాహ్నం పూట కాబట్టి తలుపులు వేసి ఉంటాయి. మండపంలో పడుకుని లేవబుద్ధి కాకపోతే అది భక్తి అనుకోండి.

పాలకాయతిప్ప చేరాక సముద్రం వినిపిస్తుంది. జనం ఉండరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి. మత్స్యకారులు నీడపట్టున వలలు బాగుచేసుకుంటూ, ఎండలో సైకిలు నెట్టుకుంటూ వచ్చేవాణ్ణి ఆసక్తిగా చూస్తారు. పరోపకారం చేద్దామనిపిస్తే పడవ ఎక్కించమని అడగండి. నిషేధం గురించి వాళ్ళకు తెలియదేమో, మీరే వివరించవచ్చు.

సంగమం ఇంకా ముందుంది, ఇసుకలో కొన్ని కిలోమీటర్లు. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి రాయిలా అయ్యేదాకా కొట్టించండి. గాలి కాస్త తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని కూరుకుపోకుండా సాగుతుందని కొందరంటారు గానీ, అది సైకిలు తెలిసినవాళ్ళ మాట. గట్టి టైరు కత్తిలా దిగుతుంది. అప్పుడు సైకిలును భుజానికెత్తుకోవచ్చు. ఇదంతా కృష్ణా అభయారణ్యం. మడ అడవులు, చేపలు పట్టుకు తినే బావురుపిల్లి, శీతాకాలం చివర గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు, ఇవన్నీ ఉన్న చోటు. అటవీశాఖ వాళ్ళు లోపలికి వెళ్ళేవాళ్ళకు వేళలూ నియమాలూ చెబుతారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఇంకా ఉన్నాయి కదా.

ఇక్కడ నీళ్ళు చూడ్డానికి మంచివి. నది వచ్చేది ఒకవైపు, సముద్రం తోసేది ఇంకోవైపు. పైకి నిదానంగా కనిపించే చోటే కింద లాగుతుంది. పాలకాయతిప్పలో మెరైన్ పోలీసు స్టేషను పెట్టింది గవ్వలు లెక్కపెట్టడానికి కాదని ఎవరైనా ఊహించుకోవచ్చు. మాఘ పౌర్ణమికి వేలమంది వచ్చి పోలీసులు కట్టిన తాళ్ళ లోపల, గజ ఈతగాళ్ళ కళ్ళ ముందు మునుగుతారు. మీరు ఎవరూ లేని రోజు చూసుకుని, ఎవరూ లేని చోట, ఎండుచేపల మీద ఎండుచేపలు తిన్న కడుపుతో దిగండి. అమావాస్య, పౌర్ణముల్లో పోటు ఎక్కువ. ఆ రోజుల్లో సైకిలును నీటి అంచున ఆనించి వెళ్తే తిరిగి వచ్చేసరికి మోసే బరువు ఉండదు.

హంసలదీవికి ఆ పేరు ఎలా వచ్చిందో స్థలపురాణం చెబుతుంది. పాపులంతా మునిగి మునిగి గంగ నల్లబడిపోయిందట. కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, చివరికి ఇక్కడ మునగ్గానే తెల్లటి హంస అయిందట. రోహిణి కార్తె సైకిలు యాత్రికుల విషయంలో ఇది సరిగ్గా తిరగబడుతుంది. పులిగడ్డలో హంసల్లా బయలుదేరినవాళ్ళను సాయంత్రం కాకులు కూడా తమవాళ్ళని పోల్చుకుంటాయి.

తిరుగు ప్రయాణం గురించి ముందు ఆలోచించడం దండగ. ఉప్పుగాలికి చైను మర్నాటికే తుప్పు పడుతుంది, నూనె వెయ్యకండి, తుప్పు రంగు కూడా బాగానే ఉంటుంది. కాళ్ళు రావు కాబట్టి రొయ్యల చెరువుల దగ్గర నిలబడి చెయ్యెత్తండి. ట్రాలీ ఆటో ఆగుతుంది. రొయ్యల ట్రేల మీద సైకిలు, సైకిలు మీద మీరు. ఐసు కరిగి కారే నీళ్ళు కాళ్ళ మీద పడుతుంటే ఆ రోజు మొత్తానికి దొరికిన మొదటి చల్లదనం అదే. డ్రైవరు కుర్రాడు, ‘ఈ ఎండలో ఎందుకొచ్చావ్ బాబాయ్?’ అని అడుగుతాడు. అమెరికాలో మేనల్లుడు ఉన్నాడని చెప్పండి. అతనికీ ఎవరో ఒక మేనల్లుడు అక్కడే ఉంటాడు, అర్థం చేసుకుంటాడు.

చివరగా, ఈ వ్యాసం అందరికీ కాదు. ఇదే దారిలో డిసెంబరు, జనవరి నెలల్లో, తుఫాన్లు సద్దుమణిగాక, మంచు విడవకముందే అవనిగడ్డలో బయలుదేరేవాళ్ళున్నారు. వెడల్పు టైర్ల సైకిలు, రెండు లీటర్ల నీళ్ళు, పంక్చరు సామాను, తలకు తువ్వాలు, పక్కన ఒక స్నేహితుడు. కోడూరులో ఇడ్లీ తిని, ఎండెక్కేలోపు సముద్రం చూసి, దారిలో అడిగినవాళ్ళందరికీ ఊరూ పేరూ చెప్పి, మధ్యాహ్నం భోజనానికి ఎవరింట్లోనో తేలతారు. అలాంటి పిరికివాళ్ళకు నా సలహాలతో పనిలేదు. వాళ్ళ గుంపులు మీకు అడ్డం రాకూడదనుకుంటే మే 25 దాటాక రండి. కట్ట మీద మనిషి కనిపించడు, దారంతా మీదే. ఎందుకు ఖాళీగా ఉందని మాత్రం ఎవరినీ అడక్కండి.